ఎండను లెక్కేసుకుని బయల్దేరాం

మే మొదటి వారానికే నందిగామలో పొద్దున పది దాటితే రోడ్డు మీద మనిషి కనపడడు. రోహిణి కార్తె వచ్చేదాకా రోళ్లు ఆగవు, ముందే పగులుతాయి. ఇక్కణ్నుంచి, అదీ ఇనుప డబ్బా లాంటి బండిలో, ఎండాకాలంలోనే ఊళ్లు తిరగడమేమిటని చుట్టాలంతా అడిగారు. పిల్లలకు సెలవులిచ్చేది అప్పుడే మరి. పైగా తెలుగులో యాత్రా రచనకు బాట వేసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరింది 1830 మే 18న. డేరాలు, బోయీల ఏర్పాటు చూసుకుని నడి వేసవిలోనే కదిలాడాయన. ఎండ పోయేదాకా ఆగడం కన్నా, ఎండను ముందే లెక్కేసుకోవడం మేలని నాకూ అనిపించింది.

మాది పాత టెంపో ట్రావెలర్. సీట్లు తీసి పడకలు, చిన్న వంటగట్టు పెట్టించాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి తయారైన తీరును మన ఇష్టానికి మార్చేయకూడదు. అందుకని ముందు ఆర్టీవో ఆఫీసు పని పూర్తి చేసి, ఆర్సీలో మార్పు రాయించుకున్నాకే వెల్డింగ్ షెడ్డుకు తోలాను.

షెడ్డులో మేస్త్రీ మొదటి మాటే ఏసీ. "పెట్టించేయండి సార్, ఇక గొడవే ఉండదు" అన్నాడు. ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ అవర్ల కరెంటు. టన్ను ఏసీ నడిస్తే వెయ్యి వాట్ల పైనే లాగుతుంది. అంటే రాత్రి తొమ్మిదింటికి వేస్తే పది దాటేసరికి బ్యాటరీ ఖాళీ. అదే 25 వాట్ల ఫ్యాను తెల్లవార్లూ తిరిగినా పావు వంతు కూడా తినదు. లోపలికొచ్చిన వేడిని బయటికి తోయడం కన్నా, అసలు రానివ్వకపోవడం మీదే డబ్బు పెట్టాలని తేల్చుకున్నాం.

బండికి ఎక్కువ వేడి పైకప్పు నుంచే. రేకుకు తెల్లరంగు వేయించాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో భవనాల కోసం కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే: తెలుపు ఎండను తిప్పికొడుతుంది. సోలార్ పలకలను రేకుకు అంటించలేదు. నాలుగు వేళ్ల ఎత్తున ఫ్రేము కట్టి బిగించాం. మధ్యలోంచి గాలి పోతుంది కాబట్టి పలకలూ మరీ కాగవు, వాటి కింద కప్పుకు నీడా దక్కుతుంది. రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య ఖాళీ లేకుండా ఫోమ్ షీటు అతికించాం. వేడిగాలి పైకి లేస్తుంది గనక కప్పులో గాలిని బయటికి లాగే ఫ్యాను, అడుగున నీడ పక్కన గాలి లోపలికొచ్చే కంత. ముందు అద్దానికి మెరుపు షీటు లోపల కాదు, బయట కప్పాలి. వెలుగు అద్దం దాటి వచ్చిందంటే వేడి కూడా లోపలికి వచ్చినట్టే. బ్యాటరీని ఇంజనుకు దూరంగా, మంచం కింద పెట్టాం. 45 డిగ్రీల పైన ఛార్జింగ్ అయితే దాని ఆయుష్షు తగ్గుతుంది. గ్యాస్ బండ ఉన్న అరలో నేల మట్టాన కంత తప్పనిసరి, ఎందుకంటే వంటగ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే అడుగునే చేరుతుంది.

ఏసీ బదులు 12 వోల్టుల చిన్న కూలర్ పెట్టి, దానికి వట్టివేళ్ల తడిక కట్టాం. నీళ్ల డబ్బాలతో పాటు ఒక మట్టి కూజా కూడా ఎక్కింది.

తెల్లవారుజామున నాలుగింటికి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకుని పడమరగా కదిలాం. మధ్యాహ్నం టైర్లలో గాలి పెరిగినట్టు కనిపిస్తుంది, అప్పుడు తీయకూడదు. చిల్లకల్లు దాటి, సూర్యుడు పైకి రాకముందే జగ్గయ్యపేటలో ధనంబోడు గుట్ట ఎక్కాం. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు పెట్టకముందు ఈ ఊరు బేతవోలు. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కొండ మీద నీడ లేదు, ఏడింటికల్లా దిగిపోవాలి.

మధ్యాహ్నం వేదాద్రిలో, కృష్ణ ఒడ్డున వేపచెట్టు కింద బండి ఆపాం. బయట 43 డిగ్రీలు. కూలర్ వేశాక పడక దగ్గర 32. ఈ మెట్ట సీమ ఎండ పొడి ఎండ. 44 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడి ఆరుతూ గాలిని 25 డిగ్రీల దాకా చల్లబరచగలదు. అది హద్దు. చిన్న కూలర్ అంతదాకా తేలేకపోయినా, వట్టివేళ్ల వాసనలో పిల్లలు హాయిగా నిద్రపోయారు. రాత్రికి మాత్రం చోటు మార్చాం. ఇది సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ వెలిసింది అందుకే. పగలు తాగిన ఎండను రాయి అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. మట్టి చేలో, చెట్టుకు కాస్త ఎడంగా పడుకుంటే గాలి ఆడింది.

మర్నాడు పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ గుడికొచ్చిన కుటుంబాలు మునేటి ఒడ్డున ట్రాక్టర్ ట్రక్కుల నీడలోనే వండుకుంటున్నాయి. ఒక ముసలమ్మ మా బండి చుట్టూ తిరిగి, "ఏం నాయనా, ఇంత డబ్బా కట్టించుకున్నారు, గాలాడుద్దా ఇందులో?" అంది. లోపలికి రమ్మని ఫ్యాను కింద కూర్చోబెడితే, వాళ్ల చిన్నప్పుడు తిరునాళ్లకు గూడుబండిలో వచ్చేవాళ్లమని, గూడు చాప మీద తడిగోనె పరిచేవాళ్లమని చెప్పింది. ఎద్దులకు ఎండ తగలకుండా రాత్రిళ్లే నడిపేవారట. నీడ, తడి, వేళ: నేను షెడ్డులో కాగితం మీద వేసిన లెక్కంతా ఆవిడకు అనుభవం. పూర్వం లారీల ముందు వేలాడే కాన్వాసు నీళ్ల సంచి చల్లబడిందీ తడి ఆరడం వల్లే.

నందిగామ మీదుగా వెనక్కొచ్చి తూర్పుకు తిరిగాం. 2023 జులైలో ఐతవరం దగ్గర మునేరు పొంగి హైవేనే ఆపేసింది. ఇప్పుడు ఆ ఏట్లో ఇసుక. కీసర, కంచికచర్ల దాటినా రోడ్డు పక్కన బండి ఆపుకునేంత నీడ లేదు. టోల్ కట్టించుకునే రోడ్డు మీద పాతిక మైళ్లకొక చెట్ల తోపు పెంచడం పెద్ద కోరిక కాదు. మాకు కప్పుంది, కూలరుంది. పగలంతా క్యాబిన్‌లో ఉడికే లారీ డ్రైవర్లకు ఆ నీడ ప్రాణావసరం.

ఇదే 65వ నంబరు జాతీయ రహదారి బెజవాడ దాటి మచిలీపట్నం వరకూ పోతుంది. వాతావరణ శాఖ రోజువారీ పట్టికలో నందిగామ, మచిలీపట్నం రెండూ ఉంటాయి. అంకె చూస్తే మచిలీపట్నమే చల్లన. కానీ 35 డిగ్రీలకు 70 శాతం తేమ తోడైతే తడి ఎంత ఆరినా గాలి 30 డిగ్రీల కిందికి దిగదు. అక్కడ కూలర్ వేస్తే చెమట ఇంకా పెరుగుతుంది. పామర్రు దాటాక కూలర్ కట్టేసి నీళ్లు పారబోశాం. మంగినపూడిలో సముద్రం వైపు తలుపు తిప్పి, రెండు పక్కలా దోమతెర కిటికీలు తెరిచి, కప్పు ఫ్యాను మాత్రం వేశాం. మధ్యాహ్నం మొదలైన సముద్రపు గాలి బండిలోంచి సూటిగా దూసుకుపోయింది.

ఉప్పు గాలికి ఇనుము నిలవదు. పొద్దున్నే రేడియేటర్‌ను మంచినీళ్లతో కడిగి, బ్యాటరీ టెర్మినళ్లకు గ్రీజు రాసి, అవనిగడ్డ మీదుగా రేపల్లె దారి పట్టాం. ఒంగోలులో కోస్తా వదిలి మార్కాపురం వైపు తిరిగాక కూలర్‌లో మళ్లీ నీళ్లు పోయాలి.