పేరు లేని ముఖాలు

పోయిన వేసవిలో నాకు రష్యా చూచే అవకాశం కలిగింది. సెయింట్ పీటర్స్‌బర్గులో వైద్యం చదువుతున్న మా మేనల్లుడు రమ్మంటే, ఆఫీసుకు సెలవు పెట్టి బరంపురం నుండి బయలుదేరాను. ఆ నగరానికి పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరాన, సముద్రపు ఒడ్డున, పీటర్‌హోఫ్ అనే రాజసౌధం ఉన్నది. జనం ముఖ్యంగా అక్కడి ఫౌంటెన్లు చూడవస్తారు. నన్ను మాత్రం లోపలి గది ఒకటి కదలనివ్వలేదు.

ఆ గది గోడల నిండా 368 ముఖచిత్రాలు. పటానికీ పటానికీ నడుమ సందు లేదు. చాలావరకు పడుచువారివే. ఒకతె పుస్తకం చదువుతున్నది. ఒకతె కునుకు తీస్తున్నది. ఒకతె విసనకర్ర చాటునుండి చూస్తున్నది. మరొకతె కళ్ళొత్తుకుంటున్నది.

వీటిని చిత్రించినవాడు పియెట్రో రొటారి. 1707లో ఇటలీలోని వెరోనాలో పుట్టాడు. వియన్నా, డ్రెస్డెన్ నగరాలలో పనిచేసి, ఎలిజబెత్ మహారాణి పిలుపు మీద 1756లో రష్యాకు వచ్చి, 1762లో ఇక్కడే కన్నుమూశాడు. తరువాత కాథరిన్ మహారాణి ఈ పటాలను కొని, 1764లో ఈ గదిలో అమర్పించింది.

"వీళ్ళంతా ఎవరు మామయ్యా?" అన్నాడు మావాడు.

"ఎవరూ కారురా!" అన్నాను.

ఆ కాలపు ఇటలీలో అదొక రివాజు. వెనిస్‌లో పియాజెట్టా, టియెపోలో వంటివారు కూడా ఇలాంటి ఊహాముఖాలు వ్రాశారు. ఎదుట ఎవరినో కూర్చోబెట్టినా, ఆ పటం ఫలానావారిదని కాదు. సిగ్గుకొక ముఖం, బెంగకొక ముఖం, ముసలితనానికొక ముఖం.

యుద్ధకాలంలో, 1941 నుండి 1944 వరకు, ఈ సౌధం జర్మను సేనల చేతిలో పడి కాలిపోయింది. చాలా పటాలను ముందే తరలించినందువల్ల అవి దక్కాయి. పేరు లేని ముఖాలను కాపాడుకొన్నవారికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

మన సంగతి తలక్రిందులు. తద్దినంనాడు మూడు తరాల పేర్లు చెప్పి నీళ్ళు వదులుతాను. మా తాతమ్మ పేరు నాకు కంఠతా వచ్చును, ముఖం తెలియదు. ఫోటో ఒక్కటీ లేదు.

ఇంటికి వచ్చి అమ్మను అడిగాను. ఆమె బియ్యం ఏరడం ఆపి, కాసేపు ఆలోచించింది.

"నేను కాపరానికి వచ్చిన కొత్తలో చూశాను. కోపం వస్తే ఎడమ కనుబొమ ఒక్కటే పైకి లేచేది. నీకూ అంతే కదురా!"

ఆ పూట అద్దం ముందు కొంచెం ఎక్కువసేపే నిలుచున్నాను.