‘మీ బెస్ట్ రేట్ ఎంత సర్?’



 పోయిన ఉత్తరంలో అమెరికాలో హెల్త్ ఇన్సూరెన్సు గొడవల గురించి రాస్తే, మీలో చాలామంది దాన్ని పక్కనపెట్టి కాంట్రాక్టు రేట్ల గురించి అడిగారు. డాలస్ నుంచి అడిగారు, ఎడిసన్ నుంచి అడిగారు. కొడుకు దగ్గరికి ఆర్నెల్లకని వచ్చిన ఒక పెద్దాయనైతే, ‘క్లయింటు వీడి కోసం గంటకెంత ఇస్తున్నాడో మావాడికే తెలీదట. ఇదేం ఉద్యోగమండీ?’ అని రాశారు. అడగాల్సిన ప్రశ్న అదే.

లెక్క కోసం ఒక అంకె అనుకుందాం. క్లయింటు కంపెనీ మీ పనికి గంటకు 95 డాలర్లు చెల్లిస్తోంది. క్లయింటుతో నేరుగా ఒప్పందమున్న ప్రైమ్ వెండర్ తన వాటా ఉంచుకుని కిందివాడికి 80 ఇస్తాడు. ఆ మధ్య వెండర్ ఇంకో పది తీసుకుంటే మీ కన్సల్టెన్సీకి 70 చేరుతుంది. మీది 80-20 ఒప్పందమైతే మీ వాటా 56. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద యజమాని తన జేబులోంచి కట్టాల్సిన 7.65 శాతాన్ని కూడా కొన్ని కన్సల్టెన్సీలు ఆ 56లోంచే లెక్కగడతాయి. చివరికి మీ పే స్లిప్పులో పడేది 52. దాన్ని ఏడాదికి 2080 గంటలతో హెచ్చవేసి, లక్షా ఎనిమిది వేలని ఇంటికి ఫోన్ చేసి చెబుతాం. 11 ఫెడరల్ సెలవులు, ఇండియా ప్రయాణానికి రెండు వారాలు జీతం లేకుండా పోతే మిగిలేవి 1912 గంటలు. అంటే లక్షకు కాస్త తక్కువే. ఇన్సూరెన్సు కోత ఇంకా ఇందులో కలపలేదు.

మధ్యలో ఒక్క వెండర్ లేకపోతే మీ కన్సల్టెన్సీకి గంటకు ఇంకో పది డాలర్లు చేరేవి. అందుకే రేటు అడిగే ముందు ‘మీరు ప్రైమ్ వెండరా? మీకూ క్లయింటుకూ మధ్య ఎవరున్నారు?’ అని అడగండి. జవాబు దాటవేస్తే మధ్యలో ఇంకొకరు ఉన్నారనే అనుకోండి.

ఇక రేటు అడిగే ఫోన్ కాల్. మీకు మధ్యాహ్నం, హైదరాబాదులో అర్ధరాత్రి. మాదాపూర్‌లో నైట్ షిఫ్టులో కూర్చున్న కుర్రాడు లైన్లోకొస్తాడు. రెండు ముక్కలు ఇంగ్లిషులో మాట్లాడి, మీ పేరు చూసి తెలుగులోకి దిగుతాడు. ‘మీ బెస్ట్ రేట్ ఎంత సర్? క్లయింట్ దగ్గర బడ్జెట్ చాలా టైట్‌గా ఉంది.’ మనవాడే కదా అని మొహమాటపడి కనీస రేటు చెప్పేస్తాం. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతని టార్గెట్లు అతనికున్నాయి. కానీ మీరు తగ్గించుకున్న డాలరు చాలావరకు అతని కంపెనీ మార్జిన్‌లోకి పోతుంది, క్లయింటుకు మిగలదు. పెద్ద కంపెనీలు చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాల్ని ఫీల్డ్‌గ్లాస్, బీలైన్ లాంటి, ఏజెన్సీల ద్వారా మనుషుల్ని తీసుకునే ఆన్‌లైన్ వ్యవస్థల్లో పెడతాయి. అక్కడ రేటుకు పైహద్దు సాధారణంగా ముందే ఉంటుంది. మీకు ఫోన్ చేసేసరికి ఆ అంకె ఏజెన్సీ వాళ్ల కళ్లముందే ఉండొచ్చు. అందుకని ‘ఈ పొజిషన్‌కి రేంజ్ ఎంత పెట్టారు?’ అని మీరే ముందు అడగండి. చెప్పకపోతే మీకు కావలసినదానికి నాలుగైదు డాలర్లు కలిపి చెప్పి ఊరుకోండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని మీరు నింపక్కర్లేదు.

‘ఇప్పుడెంత వస్తోంది సర్?’ అని కూడా అడుగుతారు. కాలిఫోర్నియాలో 2018 నుంచి, న్యూయార్క్ రాష్ట్రంలో 2020 నుంచి ఉద్యోగమిచ్చేవాళ్లు పాత జీతం అడగడం చట్టవిరుద్ధం. ఆ చట్టం లేని చోటైనా సరే, పాత రేటుతో కొత్త పనికి సంబంధం లేదని మర్యాదగా చెప్పొచ్చు.

ఏ పద్ధతిలో ఇస్తారో తెలియకుండా రేటు ఒప్పుకోవద్దు. ఉద్యోగిగా డబ్ల్యూ2 మీద 60, స్వతంత్ర కాంట్రాక్టరుగా 1099 మీద 60 ఒకటి కావు. 1099 అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లో ఉద్యోగి, యజమాని రెండు వాటాలూ మీవే, సుమారు 15.3 శాతం. పైగా హెచ్‌1బి వీసా మీద ఉన్నవాళ్లు 1099 తీసుకోకూడదు. సొంత కంపెనీ పెట్టుకుని కార్ప్-టు-కార్ప్ మీద చేసేవాళ్లు నెట్ 30యా, నెట్ 60యా అన్నది తప్పక చూసుకోవాలి. నెట్ 60 అంటే ఇన్‌వాయిస్ పంపిన 60 రోజులకు, అంటే జనవరిలో చేసిన పనికి ఏప్రిల్‌లో డబ్బు.

బేరం ఆడాల్సింది, మీ రెజ్యూమె పంపే హక్కు ఏజెన్సీకి ఇచ్చే రైట్ టు రిప్రజెంట్ మెయిల్‌కి ముందే. ‘ఐ కన్ఫర్మ్’ అని జవాబు కొట్టాక ఆ పొజిషన్‌కి మీ రేటు ఖరారైపోయినట్టే. ఇంకో ఏజెన్సీ రెండు డాలర్లు ఎక్కువిస్తానందని అక్కడా సరేనంటే, ఒకే రెజ్యూమె రెండు దారుల్లో క్లయింటుకు చేరుతుంది. చాలాచోట్ల రెండింటినీ పక్కన పడేస్తారు. కాబట్టి ఆ మెయిల్లో రేటు, పద్ధతి, క్లయింటు పేరు, వారానికి 40 దాటిన గంటలకు ఎంతిస్తారన్నది రాసి ఉంటేనే జవాబివ్వండి. ఫోన్లో చెప్పిన మాట ఇన్‌వాయిస్ రోజున పనికిరాదు.

మనవాళ్లు బేరమాడకుండా ఎక్కువగా వదిలేసుకునేది ఎక్స్‌టెన్షన్. అప్పటికి మేనేజరు మీకు అలవాటుపడి ఉంటాడు, ఏజెన్సీకి కొత్త మనిషిని వెతికే ఖర్చు లేదు. పీవో (పర్చేజ్ ఆర్డర్) ముగియడానికి నెలన్నర ముందే మెయిల్ పెట్టండి. ‘క్లయింట్ పెంచలేదు’ అంటారు. నిజమే కావచ్చు. ‘అయితే మీ మార్జిన్‌లోంచి ఇవ్వండి’ అనండి. మూడు డాలర్లు పెరిగినా ఏడాదికి 5700 పైచిలుకు. అది అడగడానికి సిగ్గుపడి, కాస్ట్‌కోలో కందిపప్పు ధర దగ్గర లెక్కలు వేసుకుంటాం!

హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకి ఒక్కమాట. ప్రాజెక్టు లేదని జీతం ఆపి బెంచ్ మీద కూర్చోబెట్టడం చట్టం ఒప్పుకోదు. మీ ఎల్‌సీఏ (వీసా కోసం మీ కంపెనీ కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తు)లో రాసిన వేతనం ఎంతో కార్మిక శాఖ బహిరంగంగానే పెడుతుంది, చూసుకోండి. జీతం ఎగ్గొడితే డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు.

ఏజెన్సీని వదిలి నేరుగా క్లయింటు దగ్గర చేరకూడదనే షరతు గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను. అలాంటి కాగితం మీ దగ్గరుంటే పేర్లు కొట్టేసి నాకొక కాపీ పంపండి.

మీ
ఉత్తరాల మిత్రుడు