మొండి గోపురము

మా తండ్రిగారు రఘువంశమునకు తెలుగున వ్యాఖ్య వ్రాయ నారంభించి, అజవిలాపము గల యెనిమిదవ సర్గముతో నిలిపి పరమపదించిరి. ఆ కాగితముల కట్ట పదునెనిమిది సంవత్సరములుగా నా బీరువాలో నున్నది. దానిని పూర్తిచేయుమని మా తల్లి యెన్నిమాఱులో చెప్పినది. నేను బడిపనిని సాకుగా చెప్పుచు వచ్చితిని. జర్మనీదేశమందలి కొలోను పట్టణమున నొక చర్చిని చూచినపిమ్మట ఆ సాకు నాకే రుచింపలేదు.

అచ్చట మా తమ్ముడు ఉద్యోగము చేయుచున్నాడు. వేసవి సెలవులలో వాని యింటికి పోయితిని. రైలు దిగి స్టేషను వాకిలి దాటగానే 157 మీటరుల యెత్తుగల రెండు నల్లని గోపురములు మీదికి వచ్చినట్లుండెను. వానిలో కొంతభాగమునకు పనివారు సారువ కట్టియుండిరి.

"సారువ లేకుండ దీనిని నే నింతవఱకు చూడలేదు, అన్నయ్యా" అని తమ్ముడు నవ్వెను.

క్రీస్తుశిశువును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానులవని నమ్మబడు అస్థికలను 1164లో మిలాను నగరమునుండి ఈ యూరికి తెచ్చిరి. వానికొఱకు యాత్రికులు తండోపతండములుగా రాజొచ్చిరి. ఆ మహిమకు తగిన మందిరము కావలెనని 1248వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన శంకుస్థాపన చేసిరి. గెరార్డు అను స్థపతి ఫ్రాన్సుదేశపు పద్ధతి ననుసరించెను. ఆ పద్ధతిలో గోడ బరువు మోయదు. కప్పు బరువు స్తంభములమీదను, వెలుపలినుండి చేతులు చాచి పట్టుకొన్నట్లుండు రాతి ఊతలమీదను పడును. కావుననే గోడ యుండవలసిన తావున రంగుటద్దముల కిటికీలను నిలుపగలిగిరి. లోపలి కప్పు 43 మీటరుల పైనున్నది. మన దేవాలయములలో గర్భగృహమును సమీపించుకొలది చీకటి చిక్కనగును. ఇచ్చట పీఠమును సమీపించుకొలది వెలుతురు హెచ్చును. నాకు మాత్రము చీకటియే యలవాటు.

తూర్పుభాగము 1322లో ప్రతిష్ఠింపబడెను. పిమ్మట పని మందగించి, ధనము చాలక, 1560 ప్రాంతమున పూర్తిగా నిలిచిపోయెను. దక్షిణగోపురము మూడవవంతుకంటె కొంచె మెక్కువగా లేచి మొండిగా నుండెను. దానిపై రాళ్ల నెత్తుటకు పెట్టిన కొయ్యయంత్రము మాత్రము చేయిచాచి యట్లే నిలిచెను. 1868లో దింపువఱకు అది కదలలేదు! ఎన్ని తరములవారో ఆ యంత్రమును చూచుచు పుట్టి, చూచుచు గిట్టిరి. నా బీరువా నాకు జ్ఞాపకమువచ్చినది ఆ కథ విన్నప్పుడే.

పడమటిముఖము నెట్లు కట్టవలెనో తెలుపు పూర్వపు పటము, నాలుగు మీటరులకు మించిన తోలుపత్రము, రెండు తునకలై పోయినది. ఒక సగము 1814లో డార్మ్‌స్టాట్ పట్టణమున నొక అటకమీద దొరకెను. రెండవది 1816లో పారిసున దొరకెను. 1842లో పని మరల మొదలైనది. ఈ కతోలికాలయమునకు నాడు రాయి వేసినవాడు ప్రొటెస్టాంటు మతస్థుడగు ప్రష్యారాజు. యూదులును చందాల నిచ్చిరి. 1880లో నిర్మాణము ముగిసిననాటికి, ప్రభుత్వముతోడి కలహముచేత ఆ చర్చియొక్క ఆర్చిబిషప్పే దేశాంతరమున నుండెను. వెలుపలిరూపమున పాతపటమును దాటనివారు, పైకప్పు దూలములను మాత్రము కొయ్యతో గాక ఇనుముతో చేసిరి. నాకు మిక్కిలి నచ్చిన విషయమిది.

నచ్చనిదియు నొకటి చూచితిని. ఆ చర్చిలోనే 1266లో యూదులకు రక్షణ నొసగుచు ఆర్చిబిషప్పు చెక్కించిన శాసన మున్నది. దానికి దవ్వుగాకయే, పదునాలుగవ శతాబ్దమున ఆచార్యులు కూర్చుండుటకు చేసిన కొయ్యపీఠములపై యూదులను పందితో జతపఱచి యవమానించు బొమ్మలున్నవి. 1349లో ఆ నగరపు యూదులు వధింపబడిరి; 1424లో మిగిలినవారు వెడలగొట్టబడిరి. శాసన మొకచోట, బొమ్మ యొకచోట, రెండును ఒక్క కప్పుక్రిందనే. ఆ బొమ్మలను చెక్కివేయుట సులభము. చెక్కివేసినచో మేమిట్టి పని చేయలేదని బొంకుటకును సులభమగును. ఉంచి, వానిని గూర్చి నోరు విప్పి చెప్పుటయే కష్టము.

ఇంటికి వచ్చి కట్ట విప్పితిని. చదువరులకు దాచనేల? నే నింతకాలము దానిని ముట్టకుండుటకు బడిపని కారణము కాదు. మా తండ్రిగారు పీఠికలో, ఈ కావ్యము స్త్రీలకును కొన్ని కులములవారికిని చెప్పదగదని వ్రాసిరి. నా తరగతిలో దానిని నేడు చదువుచున్న వారిలో సగముకంటె నెక్కువమంది బాలికలే. ఆ వాక్యమును కొట్టివేయుటకు చేయి రాదు. అచ్చునకిచ్చుటకు మనసు రాదు.

మొన్న ఆదివారమున ఆ పీఠికకు శుద్ధప్రతి వ్రాసితిని. ఆ వాక్యము నట్లే యుంచి, దానిక్రింద నా పేరుతో నా సమాధానమును ఒక పుట నిండ వ్రాసితిని. మా తల్లికి చదివి వినిపించితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తుదకు, "నన్నును చదువనీయలేదురా ఆయన" అన్నది.

తొమ్మిదవ సర్గము యమకములతో నిండినది. తొలి శ్లోకమునకే నాకు రెండు రాత్రులు పట్టినవి.