జాడీలో దాచిన కొంకణపు ఎండ

మే నెల మూడవ వారం. సహ్యాద్రి కొండలకూ అరేబియా సముద్రానికీ నడుమ ఇరుకుగా పరచుకొన్న కొంకణ సీమలో గాలి స్తంభించిపోయి వుంటుంది. ఎర్రని జంభా రాతితో కట్టిన గోడలు వేడిని విడిచిపెట్టవు. రత్నగిరి, సింధుదుర్గ్ జిల్లాలలో ఏ పెంకుటింటి ముంగిలి చూసినా ఆ రోజుల్లో ఒకే దృశ్యం. పేడతో అలికిన నేలమీద పీటలు, పీటలమీద గాజు జాడీలు, జాడీల మూతులకు తెల్లని గుడ్డతో కట్టిన వాసెనలు. జాడీలలో దానిమ్మగింజల రంగును మించిన ఎరుపు. అరుగుమీద కూర్చున్న ముసలమ్మ ఒక కన్ను ఆ జాడీలమీద వుంచుతుంది. రెండవ కన్ను పడమటి దిక్కున, సముద్రంమీది ఆకాశంమీద వుంచుతుంది. అక్కడ నల్లని మబ్బు కనిపించకమునుపే ఆమె పని ముగియాలి.

ఆ జాడీలలో తయారవుతున్నది ‘అమృత కోకం’. వేసవి అతిథికి కొంకణంలో ప్రతి ఇల్లాలూ అందించే షర్బతుకు మూలమైన చిక్కని రసం అది. దానికి పొయ్యి అక్కరలేదు, ఏ యంత్రమూ అక్కరలేదు. పండు, పంచదార, ఎండ — ఈ మూడు చాలు. కాని ఈ మూడూ ఒకే సమయంలో దొరికేది ఏడాదికి కొద్ది వారాలు మాత్రమే.

కోకం చెట్టు మాంగోస్టీనుకు దగ్గరి చుట్టం. శాస్త్రజ్ఞులు దీనిని ‘గార్సీనియా ఇండికా’ అంటారు. లారెంట్ గార్సిన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పేరుమీద ఈ జాతికి ఆ పేరు వచ్చింది. పడమటి కనుమల పాదాలవెంట మహారాష్ట్ర, గోవా, కర్ణాటక, కేరళ రాష్ట్రాలలో ఇది సహజంగా పెరుగుతుంది. కొమ్మలు కిందికి వాలి, గోపురాకారంలో నిలిచే ఈ పచ్చని చెట్టు ఏడాది పొడుగునా ఆకు రాల్చదు. కాయ నిమ్మకాయంత వుంటుంది. పండితే ముదురు ఎరుపు, ఆపైన నల్లన కలిసిన ఊదా. మరాఠీవారు పచ్చి పండును ‘రాతాంబా’ అనీ, ఎండబెట్టిన డిప్పను ‘ఆమ్‌సూల్’ అనీ పిలుస్తారు. కన్నడదేశంలో అది ‘మురుగలు’, తుళువారికి ‘పునర్పుళి’, ఆయుర్వేద గ్రంథాలలో ‘వృక్షామ్లం’. గోవాలో నివసించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా, 1563లో అక్కడే అచ్చయిన తన గ్రంథంలో, ఈ పండును ‘బ్రిందోయిన్’ పేరుతో ప్రస్తావించాడు. గోవా ప్రజలు నేటికీ వాడే ‘బిర్ండ’ అనే మాటే ఆ పేరుకు మూలం.

తెలుగునాట చింతపండు చేసే పనిని కొంకణంలో చాలావరకు కోకం చేస్తుంది. పప్పులో పులుపు అదే, చేపల కూరలో పులుపు అదే. భోజనం చివర కొబ్బరిపాలతో కలిపి తాగే గులాబిరంగు ‘సోల్‌కఢీ’లో ప్రాణమూ అదే. అయితే వేసవిలో దాని అసలు వైభవం షర్బతులోనే కనిపిస్తుంది.

1998 జనవరి 26న కొంకణ రైలుమార్గం పూర్తిగా ప్రారంభమైన తరువాత ఈ సీమ బయటివారికి దగ్గరయింది. సొరంగాలు, లోయలమీది వంతెనలు దాటుకొంటూ పోయే రైలునుంచి చూస్తే మామిడితోటలు, జీడిమామిడి గుట్టలు, కొబ్బరి, పోక చెట్లు కంటికి నిండుగా కనిపిస్తాయి. కోకం చెట్టు మాత్రం అంత తేలికగా కనబడదు. వరుసలుగా నాటిన కోకం తోటలు తక్కువ. ఇంటి పెరటిలో ఒకటి, వాగు ఒడ్డున రెండు, దేవాలయం వెనుక ఒకటి — ఇలా వుంటాయి. వాటిలో చాలా చెట్లను ఎవరు నాటారో ఇంట్లోవారికి కూడా తెలియదు. తాతలనాటి చెట్టు అంటారు, అంతే.

చేతి చలువ, ఎండ వేడి

అమృత కోకం తయారీకి మొదటి నియమం పండు ఎంపిక. చెట్టుపైన పూర్తిగా పండి, గట్టిగా వున్న పండునే తీసుకోవాలి. నేలరాలి చితికినవి ఉప్పురసానికి పనికివస్తాయి గాని తీపిరసానికి పనికిరావు. పండ్లన్నీ ఒకేసారి పక్వానికి రావు. ఏప్రిల్‌లో మొదలై మే చివరివరకు విడతలు విడతలుగా పండుతాయి. కుర్రవాళ్లు చెట్టెక్కి కోస్తారు. అందని కొమ్మలకు వలసంచి కట్టిన గడలు వాడతారు.

పండ్లను కడిగి, నీడన ఆరబోసి, ఒక్కొక్కదానినీ పొడిగుడ్డతో తుడుస్తారు. తడి తగిలితే జాడీ మొత్తం పాడవుతుందని ఇక్కడి పెద్దలకు తెలుసు. ఆవకాయ పెట్టే తెలుగు ఇల్లాలికి ఈ జాగ్రత్త వేరే చెప్పనక్కరలేదు. పండును అడ్డంగా రెండు చెక్కలుగా కోసి, లోపలి తెల్లని గుజ్జునూ గింజలనూ వేరుచేస్తారు. మిగిలేది గిన్నెవంటి ఎర్రని డిప్ప. పండు బరువులో దాదాపు సగం ఈ డిప్పదే.

ప్రతి డిప్పనూ పంచదారతో నింపి జాడీలో పేరుస్తారు. ఒక వరుస డిప్పలు, ఒక వరుస పంచదార. పై వరుస తప్పకుండా పంచదారదే కావాలి. కిలో డిప్పలకు రెండు కిలోల పంచదార అన్నది ఎక్కువ ఇళ్లలో సాగే లెక్క. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు దగ్గరికి రానివ్వరు. ఈ పులుపు లోహాన్ని తింటుంది. గాజు జాడీ, లేదా పింగాణీ జాడీ మాత్రమే వాడతారు. మూతికి పలుచని గుడ్డ కట్టి ఎండలో పెడతారు. రోజూ ఒకసారి జాడీని పట్టుకొని కుదుపుతారు, లేదా పొడి కొయ్యగరిటెతో కలుపుతారు. సాయంకాలం లోపలికి, ఉదయం మళ్లీ బయటికి. ఏడెనిమిది రోజులకు పంచదార అంతా కరిగి, డిప్పలు ముడుచుకొని, జాడీ నిండా మాణిక్యం రంగు రసం నిలుస్తుంది. దానిని వడగట్టి, కొంచెం ఉప్పు, వేయించి దంచిన జీలకర్రపొడి కలిపి సీసాలలో పోస్తారు. ఒక వంతు రసానికి ఐదారు వంతుల చల్లని నీరు కలిపితే షర్బతు సిద్ధమవుతుంది. మిగిలిన డిప్పలను పిల్లలు మిఠాయిలా నములుతారు.

ఈ పద్ధతి వెనుక చక్కని శాస్త్రమున్నది. పంచదార డిప్పలోని నీటిని బయటికి లాగుతుంది. నీటితోపాటు పులుపు, రంగు, సువాసన కూడా వస్తాయి. రసంలో పంచదార పాలు నూటికి అరవైఅయిదుకు చేరితే బూజుగాని, పులియబెట్టే సూక్ష్మజీవులుగాని బతకడానికి కావలసిన నీరు వాటికి దక్కదు. అందువల్లనే ఏ మందూ కలపకుండానే రసం నెలల తరబడి నిలుస్తుంది. పంచదారలో పిసినారితనం చూపినవారి జాడీలో నురగ లేస్తుంది, పులిసిన వాసన వస్తుంది. ఇక డిప్పలోని పులుపు పంచదారలో కొంత భాగాన్ని విడగొట్టి, రసం మళ్లీ గడ్డకట్టకుండా చూస్తుంది. పొయ్యిమీద మరిగించకపోవడానికీ కారణమున్నది: కోకం ఎరుపు ఎక్కువ వేడికి నిలవదు, మరిగించేకొద్దీ వన్నె తరుగుతుంది. ఈ సంగతులన్నీ ప్రయోగశాలలు చెప్పకముందే కొంకణపు వంటిళ్లకు అనుభవంలో వున్నాయి.

ఏదీ పారవేయరు

షర్బతుకు ఎంపిక కాని పండ్లకూ పని వున్నది. డిప్పలను వాటి గుజ్జురసంలోనే మాటిమాటికీ ముంచి, ఎండబెట్టి, నల్లబడేవరకు మళ్లీ మళ్లీ అలాగే చేస్తే ఆమ్‌సూల్ తయారవుతుంది. ఉప్పు వేసి తీసిన రసం ‘ఆగళ్’. సోల్‌కఢీకి అదే ఆధారం. గింజలను కడిగి ఎండబెట్టి దాస్తారు. వానాకాలంలో తీరిక దొరికినప్పుడు వాటిని దంచి నీటితో మరిగిస్తే పైకి తెల్లని కొవ్వు తేలుతుంది. చల్లారిన తరువాత అది గట్టిపడుతుంది. గుడ్డు ఆకారంలో ముద్దలు చేసి వుంచుతారు. పగిలిన పాదాలకు, పెదవులకు పూయడానికి ఆ ముద్ద ప్రతి ఇంటా వుంటుంది. ఇంట్లో అరకాలి పగుళ్లకు రాసే ఆ కొవ్వునే నగరాలలో సౌందర్య సాధనాల తయారీదారులు ‘కోకం బటర్’ పేరుతో కొంటున్నారు.

అన్నిటికన్నా విలువైన సీసా మాత్రం ఇంట్లో నిలవదు. అది ప్రయాణం చేస్తుంది. కొంకణంలో ‘చాకరమానీ’ అనే మాట వున్నది. ఉద్యోగం కోసం ముంబయి వెళ్లిన మనిషి అని అర్థం. నాటి బొంబాయి బట్టల మిల్లులను నడిపిన చేతులలో అధికభాగం రత్నగిరి జిల్లా చేతులే. 1982 జనవరి 18న మొదలయిన మహాసమ్మె తరువాత ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. బతుకుతెరువులు మారాయి గాని వలస ఆగలేదు. వేసవి సెలవులకు ఊరికి వచ్చిన కొడుకూ కోడలూ తిరిగి వెళ్లేటప్పుడు వారి సంచిలో మామిడిపండ్లతోపాటు గుడ్డచుట్టిన ఒక ఎర్రని సీసా తప్పక వుంటుంది. ముంబయిలో ఇరుకు గదిలో, మధ్యాహ్నపు ఉక్కలో, ఆ రసం రెండు చెంచాలు నీటిలో కలిపినప్పుడు ఊరి ముంగిలి కళ్లముందు నిలుస్తుంది.

వానతో పందెం

ఈ పని అంతటికీ గడువు విధించేది ఋతుపవనం. కొంకణంలో చాలాచోట్ల ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో అత్యధికభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. మామూలుగా జూన్ మొదటి పదిరోజులలో తొలకరి వస్తుంది. ఒక్కసారి వాన పట్టిందంటే చెట్టుమీది పండు కుళ్లి రాలుతుంది, ఎండబెట్టిన డిప్పకు బూజు పడుతుంది, జాడీలో పంచదార కరగడానికి ఎండ వుండదు. కనుక మే నెల ఆఖరి పక్షంలో ఇంటిల్లిపాదీ రాత్రివేళ దీపాల వెలుగులో కూర్చుని పండ్లు కోస్తారు. చేతివేళ్లు వారాల తరబడి ఎర్రగానే వుంటాయి.

ఇటీవలి సంవత్సరాలలో ఈ పందెం కఠినమయింది. 2020 జూన్ 3న ‘నిసర్గ’ తుపాను కొంకణ తీరాన్ని తాకి వేలాది పండ్లచెట్లను నేలకూల్చింది. మరుసటి ఏడు, 2021 మే నెల మధ్యలో ‘తౌక్తే’ తుపాను, సరిగా కోకం కోతల కాలంలోనే ఈ తీరం పక్కగా సాగిపోయింది. 2025లో తుపాను అక్కరలేకపోయింది. ఋతుపవనమే ముందు వచ్చింది. మే 24న కేరళను తాకి, 26వ తేదీకే ముంబయి చేరింది. మామూలు తేదీకన్నా 16 రోజులు ముందు. ఎండ మీద ఆధారపడిన పనికి రెండు వారాల ఎండ పోవడమంటే పంటలో చివరి విడతలన్నీ పోవడమే. కూలిన మామిడి స్థానంలో మరొకటి నాటి కొన్నేళ్లకు కాపు చూడవచ్చును. కోకం నెమ్మదిగా పెరిగే చెట్టు. తాత నాటితే మనుమడు తినేది.

మరొక చిక్కు ప్రకృతే పెట్టింది. కోకంలో మగచెట్లు, ఆడచెట్లు వేరుగా వుంటాయి. గింజ నాటితే మొలిచే మొక్కలలో దాదాపు సగం మగవే కావచ్చు. ఆ సంగతి పూత పూసేవరకు తెలియదు. ఏళ్లతరబడి నీరుపోసి పెంచిన చెట్టు కాయ కాయదని చివరకు తేలితే రైతుకు కలిగే నిరాశ చిన్నది కాదు. 1972లో స్థాపితమైన దాపోలీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ సమస్యకు అంటుమొక్కల ద్వారా పరిష్కారం చూపింది. మంచి కాపునిచ్చే ఆడచెట్ల కొమ్మలతో అంటుకట్టి, ‘కొంకణ్ అమృత’ అనే రకాన్ని 1997లో విడుదల చేసింది. అంటుమొక్క త్వరగా కాపుకు వస్తుంది. ఆడా మగా అన్న సందేహం వుండదు. సింధుదుర్గ్, రత్నగిరి కోకంకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

పేరు పెరిగినకొద్దీ నకిలీలూ పెరిగాయి. రంగు, పరిమళం, పులుపు కలిపిన పంచదారనీళ్లు కోకం పేరుతో అమ్ముడుపోతున్నాయి. కోకం డిప్పలోని హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం ఒళ్లు తగ్గిస్తుందన్న ప్రచారమూ జోరుగా సాగుతున్నది. అదే ఆమ్లమున్న మరొక గార్సీనియా సారంపై 1998లో అమెరికాలో వెలువడిన పరిశోధన మాత్రం, ఉత్తుత్తి మాత్ర వేసుకొన్నవారికన్నా దానిని తిన్నవారు ఎక్కువ బరువు తగ్గలేదని తేల్చింది. పైగా అమృత కోకంలో మూడింట రెండు వంతులు పంచదారే గదా! మధుమేహమున్నవారు ఉప్పు ఆగళ్‌తోనే సరిపెట్టుకోవడం మేలు. కొంకణపు ముసలమ్మలు ఎన్నడూ దానిని మందని చెప్పలేదు. దాహం తీరుస్తుందన్నారు, అది నిజం.

జూన్‌లో ఒక రాత్రి గాలి తిరుగుతుంది. ముంగిలిలో మట్టివాసన లేస్తుంది. అప్పటికి జాడీలు కడిగి బోర్లించి వుంటాయి. వంటింటి అటకమీద సీసాలు వరుసగా నిలిచివుంటాయి. పెంకులమీద తొలివాన దబదబ మోగుతూవుండగా ముసలమ్మ సీసాలను వేలితో లెక్కపెడుతుంది — ముంబయిలోని కొడుక్కి ఇన్ని, పెళ్లయి వెళ్లిన కూతురికి ఇన్ని, వచ్చే వేసవి తొలి అతిథికి ఒకటి. లెక్క సరిపోయిందనిపించాక ఆమె తలుపు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. నెలరోజులుగా దిగులుతో చూసిన ఆ పడమటి ఆకాశాన్ని, ఆ రాత్రి మాత్రం తనివితీరా చూస్తుంది.