తెల్లటి మంచు కింద మా ఊరు

డిసెంబరు వచ్చిందంటే మా మన్యానికి జనం వస్తారు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీదికి తెల్లవారకముందే ఎక్కి, తూర్పు ఎర్రబడేదాకా ఫోన్లు పట్టుకుని నిలబడతారు. కింద లోయంతా దూది పరిచినట్టు మంచు. ఆ ఫోటోలు ఎక్కడెక్కడికో వెళ్తాయి. ఆ తెలుపు కింద ఊళ్లున్నాయని చూసినవారికి తెలియదు. అలాంటి పల్లపు ఊరే మాది.

చింతపల్లి మండలంలోని లంబసింగిని బయటివారు ఆంధ్రా కశ్మీర్ అంటారు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. చలిలో బయట ఉండిపోతే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరుకు అర్థం చెబుతారు. కశ్మీర్ అన్నది చూడవచ్చినవారు పెట్టిన పేరు. కొర్రబయలు అన్నది వణికినవారు పెట్టుకున్న పేరు. ఫోటోలోనూ ఈ రెండు చూపులుంటాయని మాకు ఆలస్యంగా తెలిసింది.

మా బడిలో మేం ఇద్దరం పంతుళ్లం. ఇద్దరమూ ఆదివాసీలమే. ఆశ్రమ పాఠశాలల్లో చదివి, డి.ఎడ్. చేసి, మళ్లీ ఈ కొండలకే వచ్చాం. రుతువుల పాఠం కోసం కొన్న చార్టులో చలికాలం అంటే స్వెట్టరు, మంకీ టోపీ వేసుకున్న పిల్లాడు. మా బడిలో అలాంటి పిల్లాడు ఒక్కడూ లేడు. అందుకే మన ఊరి రుతువులను మనమే ఫోటోలు తీసి గోడకు పెడదామనుకున్నాం.

మొదట అందరిలాగే కొండెక్కాం. ఫోటో బాగా వచ్చిందని మురిసిపోయాం. బడిలో చూపిస్తే నాలుగో తరగతి పాప ఒకతె, "ఇందులో మా ఇల్లేది మాస్టారూ?" అని అడిగింది. ఆ తెలుపులో ఒకచోట వేలు పెట్టి చూపించాం. పాప నమ్మలేదు.

ఆ పాప ప్రశ్నలోనే ఒక సైన్సు పాఠం ఉంది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట పల్లానికి జారుతుంది. అక్కడ తేమ మంచుగా మారి నిలిచిపోతుంది. అంటే కొండ మీద నిలబడ్డవారికి అందంగా కనిపించే చోటే, కింద చలి ఎక్కువ. చలిని ఫోటో తీయాలంటే కొండ దిగాలి.

మర్నాడు ఊళ్లోనే తీశాం. మొదటి ఫోటోలన్నీ బూడిదరంగులో వచ్చాయి. కెమెరా తెల్లటి మంచును చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. తెర మీద వేలు పెట్టి వెలుతురు కాస్త పెంచితే మంచు తెల్లగా వచ్చింది. ఇంకో చిక్కు, తెల్లవారుజామున ఉండే నీలిరంగును ఫోను తనకు తానే సరిచేసేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఎండ గుర్తు మీద ఉంచితే ఆ నీలం నిలిచింది. ఒట్టి మంచునే తీస్తే తెల్లకాగితంలా ఉంది. దగ్గరగా ఒక చెట్టో, దడో, పాక చూరో ఉంటేనే వెనక ఎంత మంచుందో తెలిసింది. చూరు మీది పొగ పైకి లేవకుండా అడ్డంగా పరచుకుంది. అదీ చలి గుర్తే.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పాకా, పొగా, చెట్టూ చక్కగా కుదిరిన చోట చలిమంట దగ్గర ఒక బాబు కూర్చున్నాడు. చొక్కాకు రెండు గుండీలు లేవు. "ఫోటోకి అడ్డొస్తున్నావు, కాస్త అటు జరుగు నాన్నా" అన్నాం. వాడు మాట్లాడకుండా లేచి, దూరంగా చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. మేం వెలుతురు చూసుకుంటూ వాడిని మర్చిపోయాం. అంబలి కాస్తున్న ముసలమ్మ బయటికొచ్చి, "సలిని పొటో తీత్తామని వచ్చి, గుంటడిని సలిలో నిలబెట్టేసినారేటి మాస్టారూ?" అంది. ఫోను జేబులో పెట్టేశాం. బాబును పిలిచి మంట దగ్గర కూర్చోబెట్టి, మేమూ పక్కనే కూర్చున్నాం. మేం చదువుకునే రోజుల్లో ఒకే దుప్పటిలో ముగ్గురం ముడుచుకుని పడుకున్న రాత్రులు అప్పుడు గుర్తొచ్చాయి.

గోడకెక్కిన ఫోటో ఆ తర్వాత వారం, పిల్లల్నీ పెద్దల్నీ అడిగి తీసింది. అందులో మంచే లేదు. ఉదయం ఎనిమిదిన్నర. బడి ముంగిట సగం నీలి నీడ, సగం పచ్చటి ఎండ. ప్రార్థన గంట కొట్టకముందు పిల్లలందరూ ఎండ ఉన్న సగంలోనే, గోడకు వీపులు ఆనించి నిలబడ్డారు. నీడ ఉన్న సగం ఖాళీ.

ఆ ఫోటోను చూస్తూ ఉంటే మాకు ఇంకొకటి కనిపించింది. మేం రోజూ ప్రార్థన చేయిస్తున్నది ఆ ఖాళీగా ఉన్న నీడ సగంలోనే. చాలామంది పిల్లలు చెప్పుల్లేకుండా ఆ నేల మీదే నిలబడుతున్నారు. మర్నాటి నుంచి ప్రార్థనను ఎండవైపుకు మార్చాం. ఏళ్ల తరబడి చూస్తూ కూడా కానని దాన్ని ఒక ఫోటో చూపించింది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి. కొండ మీది నుంచి తీసేవారు చాలామందే ఉన్నారు. మంచు లోపలి నుంచి తీయగలిగేది మనమే. అడిగి తీయండి. ఎవరినీ పక్కకు జరగమనకండి. తోటి ఉపాధ్యాయులు కూడా ఈ పుష్యమాసంలో పిల్లలతో కలిసి ఒక్క ఫోటో తీసి చూడండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో ఆ పిల్లల్నే అడగండి.