గోటి కింద రంగు

మా తాత ఎముకలు విరిగినవాళ్లకు వెదురుబద్దలతో కట్టు కట్టేవాడు. రంపచోడవరం మన్యంలో ఉన్న మా ఊళ్లో అప్పట్లో డాక్టరు లేడు. కట్టిన తర్వాత రోజూ వెళ్లి, ఆ మనిషి చేతి గోరు నొక్కి చూసేవాడు. ఎందుకో నాకు తెలిసేది కాదు.

ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చదివాను. ఇప్పుడు కోనసీమలో ఒక ఎముకల ఆస్పత్రిలో పని చేస్తున్నాను. నేను డాక్టర్ని కాను. రోగి బాధ విని రాయడం, ఎక్స్‌రేలు డాక్టరు ముందు పెట్టడం, ఆపరేషన్‌లో సాయం చేయడం, కట్లు చూడటం నా పనులు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం మా వృత్తిని గుర్తించింది.

ఒకరోజు మామిడికుదురు నుంచి కొబ్బరి దింపు కార్మికుడు ఒకాయన వచ్చాడు. చెట్టు మీంచి జారి ముంజేయి విరిగింది. సిమెంటు కట్టు వేశాం. రాత్రి "నొప్పి ఆగట్లేదండీ" అన్నాడు. కొత్త కట్టు కదా, మామూలేలే అనబోయాను. తాత గుర్తొచ్చి గోరు నొక్కాను. రెండు సెకన్లలో తిరిగి రావాల్సిన ఎరుపు రాలేదు. వేళ్లు మెల్లగా చాపితే కేక పెట్టాడు. వెంటనే డాక్టర్ని పిలిచాను. కట్టు చీల్చారు. చెయ్యి దక్కింది.

లోపల వాపు పెరిగితే రక్తం ఆడక కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. నాటు కట్టయినా, ఆస్పత్రి కట్టయినా అంతే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మాస్టార్లూ! కట్టు తర్వాత నొప్పి పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా తెల్లారేదాకా ఆగకండి. గోరు ఎర్రగానే ఉంది కదా అని కూడా ఆగకండి.

తాత దగ్గర ఎక్స్‌రే లేదు. కట్టి వదిలేయకుండా మళ్లీ వెళ్లి చూసే అలవాటు ఉంది. నా ఉద్యోగంలో సగం అదే.