బోర్డు పోయిందన్నరు, దుమ్ము దులిపితే నడిచింది

మా కంప్యూటర్ బటన్ నొక్కంగనే ఆన్ అయితది, నాలుగు సెకన్లకు ఆగుతది, మళ్లీ అదే మొదలైతది. ఆరేండ్ల సాగు లెక్కలు, కౌలు లెక్కలు అన్నీ దాంట్లనే. జనగామల ఒక షాపుల ఇప్పి చూడకుండనే "బోర్డు పోయింది, కొత్తది కొనుడే" అన్నరు.

మోటరు ఆగితే ముందుగాల్నే బోరుల నుంచి గుంజుతమా? ఫ్యూజు, స్టార్టరు చూస్తం గదా! గట్లనే ప్లగ్గు పీకి డబ్బా ఇప్పిన. లోపలంత వడ్ల దుమ్ము. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు కొసలను బిడ్డ రబ్బరుతోని తుడిచి, టక్కుమనేదాక నొక్కిన. ఈసారి ఆగలే!

మీకూ గట్లైతే ర్యాములు ఒక్కొక్కటే పెట్టి చూడుండ్రి. ప్రాసెసర్ మీది ఫ్యాన్ తిరుగుతుందా చూడుండ్రి. పవర్ సప్లై డబ్బా మాత్రం ఇప్పకుండ్రి, ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలిచే ఉంటది.

నేనైతే ఆ రాత్రే లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించిన. మీరూ ఎక్కించుకోండి.